అందరూ కూర్చునేది ఏదమ్మా?

2022 ఎండాకాలం. కర్నూలు పాతూరులో ఒక ఫొటో స్టూడియో పై అంతస్తులో నా ఆఫీసు. ఆఫీసంటే పెద్దగా ఊహించుకోకండి. రెండు కంప్యూటర్లు, గడగడమని చప్పుడు చేసే ఒక కూలర్, నేను. పెళ్ళిపత్రికల డిజైన్లతో మొదలుపెట్టి స్కూళ్ళకి, నర్సింగ్ హోములకి, విత్తనాల షాపులకి వెబ్‌సైట్లు చేసే పనిలో కుదురుకున్నాను. ఇరవై ఏళ్ళు దాటింది. ఇన్నేళ్ళలో గుర్తుండిపోయిన పని ఏదని ఎవరైనా అడిగితే ఏ కాలేజీ వెబ్‌సైటో చెప్పి గొప్పలు పోవాలని నాకూ ఉంటుంది. కానీ ముందు గుర్తొచ్చేది ఒక పావురాల ఫోరం. గుర్తొచ్చిన ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది.

ఫోరం అంటే తెలియనివాళ్ళకు ఒక మాట. ఒకే పిచ్చి ఉన్నవాళ్ళంతా ఇంటర్నెట్‌లో ఒకచోట చేరి మాట్లాడుకునే ఇల్లు అది. ఆ ఇంట్లో ఒక్కో విషయానికి ఒక్కో గది ఉంటుంది. ఆ గదిని బోర్డు అంటాం. గదిలో ఒకరు మొదలుపెట్టిన మాట, దాని కింద మిగతావాళ్ళు రాసిన జవాబులు అన్నీ కలిపి ఒక థ్రెడ్. ఎన్ని గదులు కట్టాలి, ఏ గదిలో ఏ మాట ఉండాలి అని తేల్చడం నా బోటివాళ్ళ పని. చూడ్డానికి సులువుగా ఉంటుంది. నేనూ సులువనే అనుకున్నాను.

ఆ పని తెచ్చినవాడు ఇంతియాజ్. ఒక ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. ముప్పై దాటాడు, ఇద్దరు పిల్లల తండ్రి. మిద్దె మీద పావురాలు పెంచుతాడు. నాకు పావురాల గురించి అప్పటిదాకా తెలిసిందల్లా అవి మా కూలర్ మీద గూడు కట్టి కంపు చేస్తాయని మాత్రమే. ఆ మాటే అన్నాను. ఇంతియాజ్ నొచ్చుకున్నాడు.

"అవి అడవి పావురాలక్కా. మావి వేరే. పొద్దున ఎగరేస్తే సాయంత్రందాకా పైన ఆకాశంలో, మోడాల్లో ఉంటాయి. కంటికి ఆనవు. అయినా దిగేది మా మిద్దె మీదనే," అన్నాడు.

కర్నూల్లో, ఓర్వకల్లులో, ఆదోనిలో, అటు మైదుకూరు, కడప దాకా ఇలాంటివాళ్ళు చాలామంది ఉన్నారట. ఒకప్పుడు ప్రతి శుక్రవారం నమాజు అయ్యాక పాతూర్లో ఒక టీ హోటల్లో కలిసేవారు. హిందువులూ వచ్చేవారు, ముస్లిములూ వచ్చేవారు. పావురాలున్న ప్రతివాడికీ అక్కడ ఒక కుర్చీ. కరోనాలో ఆ కూడిక ఆగింది. కరోనా పోయేసరికి రోడ్డు వెడల్పు చేసే పనిలో హోటలే పోయింది. అందరూ వాట్సాప్ గ్రూపులోకి మారారు.

"ఆ గ్రూపు ఒకసారి చూడక్కా," అని ఫోన్ నా చేతికిచ్చాడు.

చూశాను. దేవుడా! గులాబీ పూల శుభోదయాలు, శ్రీశైలం గేట్లు ఎత్తిన వీడియోలు, ఎవరో మేనకోడలి పుట్టినరోజు కేకు, మధ్యలో ఎక్కడో ఒక పావురం. మైదుకూరు ఆయన ఒకరు తన పిట్టలకు మెడ మెలి తిరిగే జబ్బు వచ్చిందని అడిగాడు. ఒక పెద్దాయన ఏం చేయాలో వెంటనే చెప్పాడు కూడా. ఆ జవాబు శుభోదయాల కింద పూడిపోయింది. ఆయన చూసుకునేసరికి సగం గూళ్ళు ఖాళీ అయ్యాయి. ఆ సంగతి ఇంతియాజే చెప్పాడు. వాడి తొందరలో న్యాయం ఉంది. ఈ మాట ఇప్పుడూ అంటాను. బోర్డులు కట్టాలనుకోవడం తప్పు కాదు.

నాకు శుభ్రత పిచ్చి. మా వంటింట్లో ప్రతి డబ్బా మీద పేరు రాసిన చీటీ ఉంటుంది. కందిపప్పు డబ్బాలో పెసరపప్పు పోస్తే మా ఆయనకు ఆ పూట భోజనం మౌనంగా నడుస్తుంది. అలాంటిదాని చేతికి ఆ గ్రూపు దొరికింది. ఇంకేం! ఉత్సాహంగా కూర్చుని గదులు కట్టాను. జబ్బులు, మందులు ఒక బోర్డు. మేత ఒక బోర్డు. జతలు, పిల్లలు ఒకటి. పోటీలకు ఒకటి. తప్పిపోయిన పావురాలకు ఒకటి. ఫిర్యాదులు, సలహాలకు ఇంకొకటి. అన్నిటికంటే పైన ఊరికే కూర్చుని కబుర్లాడుకోవడానికి 'మజ్లిస్' అని ఒకటి. ఏ గది మాట ఆ గదిలోనే రాయాలి. పొరపాటున మజ్లిస్‌లో రాస్తే మోడరేటర్ దాన్ని సరైన గదిలోకి జరుపుతాడు. మోడరేటరంటే క్లాసు లీడరు లాంటివాడు. ఆ పని ఇంతియాజ్ తీసుకున్నాడు.

పెద్దవాళ్ళను ఒక్కొక్కరినీ నా ఆఫీసుకు తీసుకొచ్చి వాళ్ళ ఫోన్లలో ఫోరం పెట్టించాడు. అలా వచ్చారు మస్తాన్ సాహెబ్. టైలరు. అరవై దాటిన మనిషి. చొక్కా జేబుకు ఎప్పుడూ రెండు సూదులు గుచ్చి ఉండేవి. మైదుకూరు ఆయనకు మందు చెప్పిన పెద్దాయన ఈయనే. వచ్చీ రాగానే మా కూలర్ వెనక నుంచి వినిపించే కువకువ విని నవ్వారు.

"నీకూ ఉండాయే పిట్టలు!"

"ఉన్నాయి సాహెబ్. తీసుకుపోతే పుణ్యముంటుంది," అన్నాను.

ఫోన్‌లో నోటిఫికేషన్లు పెట్టాలి. అంటే, ఏ గదిలో కొత్త మాట పడితే ఆయన ఫోన్ గంట కొట్టాలో ముందే చెప్పి పెట్టడం. అన్ని గదులకూ గంట పెడితే ఫోన్ మోగుతూనే ఉంటుంది. అందుకని నేను మొదట అన్నిటికీ గంట తీసేసి ఉంచాను. ఎవరికి కావలసినవి వాళ్ళు పెట్టుకుంటారని. బోర్డుల పేర్లన్నీ ఆయనకు చదివి వినిపించి, ఏవేవి కావాలని అడిగాను. ఆయన శ్రద్ధగా విన్నారు. తర్వాత చాలా మామూలుగా అడిగారు.

"వీట్లో అందరూ కూర్చునేది ఏదమ్మా?"

"మజ్లిస్ సాహెబ్."

"అయితే అదొక్కటి పెట్టు. సాలు."

మజ్లిస్‌కు ఒక్కదానికే గంట పెట్టి ఫోన్ ఇచ్చేశాను. అంతకంటే ఏం చెప్పాలో నాకు తోచలేదు. ఒక పెద్దమనిషి తనకేం కావాలో స్పష్టంగా చెప్పాడు, మనం చేసిపెట్టాం. అలాంటి కస్టమరు దొరకడమే అదృష్టం అనుకున్నాను.

ఫోరం బాగా నడిచింది. జబ్బుల బోర్డు చూసి నేనే ముచ్చటపడేదాన్ని. కడప నుంచి ఒకాయన అడిగిన ప్రశ్నకు జవాబు నెలల కిందటే ఉండేది. వెతికితే దొరికేది. ఇంతియాజ్ ఎక్కడ కలిసినా "అక్కా, నీ గదులు సూపర్" అనేవాడు. నేనూ ఉబ్బిపోయేదాన్ని.

ఆ చలికాలంలో ఓర్వకల్లు మద్దిలేటికి ఒక పావురం తప్పిపోయింది.

మద్దిలేటికి ఓర్వకల్లులో రోడ్డు పక్కన పంచర్ షాపు. మస్తాన్ సాహెబ్ కంటే నాలుగైదేళ్ళు చిన్న. ఇద్దరిదీ పెళ్ళిళ్ళకు ముందు నుంచీ స్నేహం. మద్దిలేటి పావురాలు మొదలుపెట్టింది మస్తాన్ సాహెబ్ ఇచ్చిన ఒక జతతోనే. ఆ జత సంతతిని వాళ్ళు 'నస్లు' అంటారు. అంటే వంశం. ఆ నస్లు అన్నిచోట్లా పోయి, మద్దిలేటి గూట్లో మాత్రం మిగిలింది. దాంట్లో ఆ ఏడాది పుట్టిన ఒక్కగానొక్క పెట్ట పొద్దున ఎగిరి మళ్ళీ దిగలేదు.

ఇక్కడ వాళ్ళ మర్యాద ఒకటి చెప్పాలి. అది నాకు ఆలస్యంగా తెలిసింది. పిట్ట తప్పిపోతే పోగొట్టుకున్నవాడు శుక్రవారం నాడు హోటల్లో అందరి ముందూ లేచి ఆనవాళ్ళు చెప్పాలి. అది ఎవరి మిద్దె మీద వాలిందో వాళ్ళు వెంటనే "నా దగ్గర ఉండాది" అనాలి. అనకపోతే దొంగకిందే లెక్క. పట్టుకున్నవాడు ముందుగా నోరు విప్పకూడదు. విప్పితే నాది నాది అని నలుగురు వస్తారు. పోగొట్టుకున్నవాడు ఎవరినీ పక్కకు పిలిచి అడగకూడదు. ఫోన్ చేయకూడదు. ఒక్కడినే అడిగావంటే వాడిని అనుమానించినట్టే. రెండు శుక్రవారాలు గడిచినా ఎవరూ లేచి అడగకపోతే ఆ పిట్ట వాలిన ఇంటిదే. ఈ పద్ధతంతా ఒక్క విషయం మీద నిలబడింది. చెప్పిన మాట అందరి చెవినా పడాలి.

మద్దిలేటి పద్ధతి ప్రకారమే చేశాడు. మజ్లిస్‌లో రాశాడు. "ఈ యేటి పెట్ట. తెల్లది. మెడకాడ ఇటుకరంగు మచ్చ. పొద్దున ఎగిరింది, దిగలా. ఎవురి మిద్దె మీద వాలినా చెప్పండప్పా." ఇంతియాజ్ కూడా పద్ధతి ప్రకారమే చేశాడు. అది వేరే పద్ధతి, నా పద్ధతి. రాసిన కాసేపటికే దాన్ని 'తప్పిపోయినవి' బోర్డులోకి జరిపాడు. మీ పోస్టును సరైన చోటికి మార్చాం అని మద్దిలేటికి ఒక మర్యాదపూర్వకమైన సందేశం వెళ్ళింది. ఆ వాక్యం నేను రాసిందే. మద్దిలేటి అది చదివి, సరే, చెప్పవలసిన చోట చెప్పినట్టయిందని నిశ్చింతగా ఎదురుచూశాడు.

మస్తాన్ సాహెబ్ ఆ సమయానికి టైలరింగ్ షాపులో ఎవరికో షేర్వానీ కొలతలు తీసుకుంటున్నారు, గంట మోగినా ఫోన్ తీయలేదు. ఇంటికి వెళ్ళి చూసేసరికి మజ్లిస్‌లో ఆ మాట లేదు. మిద్దె మీద మాత్రం మెడకు ఇటుకరంగు మచ్చ ఉన్న తెల్ల పెట్ట ఉంది.

ఆయన దాన్ని చూడగానే గుర్తుపట్టారు. మద్దిలేటి పిట్ట అని కాదు, తన పాత నస్లు అని. ఒకప్పుడు ఆ నస్లు పిల్లల్ని చాలామందికి ఇచ్చారు. అది ఇప్పుడు మద్దిలేటి గూట్లోనే మిగిలిందని ఆయనకు తెలియదు. ఎవరి గూటిదో ఎలా తెలుస్తుంది? మద్దిలేటిదే అయితే మజ్లిస్‌లో అడుగుతాడు కదా అనుకున్నారు. ఒక శుక్రవారం చూశారు. ఇంకో శుక్రవారం చూశారు. గంట మోగినప్పుడల్లా ఫోన్ తీశారు. ఎవరూ అడగలేదు. అప్పుడు దాని రెక్కల ఈకలు కత్తిరించి, కొత్త చోటికి అలవాటయ్యేదాకా ఎగరకుండా చేసి, ఒక పోతుతో జత కట్టారు. జత ఫొటో తీసి తన చేతులతో మజ్లిస్‌లో పెట్టారు. "మా పాత నస్లు పిట్ట. ఇన్నేండ్లకు తనంతట తానే ఇల్లు ఎతుక్కుంటా వచ్చింది. అల్లా దయ." నిజానికి ఆ పోస్టు జతల బోర్డులోకి జరగాలి. తను చాచా అని పిలిచే పెద్దాయన రాసిన మాటను జరపడానికి ఇంతియాజ్‌కు చెయ్యి రాలేదు.

మద్దిలేటి చూశాడు. తను అందరి ముందూ అడిగాడు, ఎవరూ పలకలేదు. ఇప్పుడు నస్లు ఇచ్చిన మనిషే ఆ పిట్టను పట్టుకుని, ఇచ్చిన దాన్ని వెనక్కి తీసుకున్నట్టుగా మాదే అని రాసుకుంటున్నాడు. ఆ ఫొటో కిందే రాశాడు. "నస్లు ఇచ్చినోడే పిల్లను పట్టుకొని నాదే అంటాండాడు. నేను అడిగినప్పుడు నోట్లో ఏం పెట్టుకున్న్యాడో. సూడండప్పా పెద్దమనిషి పని." ఆ మాటకు గంట అందరి ఫోన్లలోనూ మోగింది. మజ్లిస్ గంట పెట్టుకోని మనిషి ఆ ఫోరంలో లేడు.

మర్నాడు పొద్దున నేను ఆఫీసు తాళం తీస్తుంటే మస్తాన్ సాహెబ్ మెట్ల మీద కూర్చుని ఉన్నారు. ఒళ్ళో చిన్న వెదురు బుట్ట. అందులో పావురం. ఫోన్ నా ముందు పెట్టారు.

"మద్దిలేటి అడిగినానంటాండాడు. యాడ అడిగినాడో సూపించమ్మా."

'తప్పిపోయినవి' బోర్డు తెరిచి చూపించాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని, చూపుడువేలు అక్షరాల కింద జరుపుతూ చదివారు. తారీఖు చూశారు.

"ఇది యాడుండాది? నాకు కనపడలేదే?"

"ఇది వేరే గది సాహెబ్. మీరు మజ్లిస్ ఒక్కటి చాలన్నారు కదా..."

"అందరూ కూర్చునేది అదేనంటివి కదమ్మా."

ఆయన గొంతులో కోపం లేదు. కోపం ఉండుంటే బాగుండేది. నాకు కోపం సులువు, ఇటు నుంచి నేనూ నాలుగు అనగలను. ఇప్పుడే అందరికీ తెలిసేలా నేనే రాస్తాను, మీ తప్పేం లేదని చెప్తాను అన్నాను. వద్దంటూ చెయ్యి అడ్డం పెట్టారు.

"నువ్వు రాస్తే నేను సాక్ష్యం తెచ్చుకున్నట్టయితాది. మద్దిలేటికి నా సంగతి తెలవదా? ఇంగొకరు వచ్చి చెప్పల్నా? వద్దు."

"మరి పిట్ట?"

"ఇంతియాజ్ చేత పంపిస్తా. వాన్ని కూడా ఏమీ చెప్పొద్దంటా. నేను పోను."

నేను ఆయన మాట విని ఊరుకున్నాను. అది మర్యాదో, పిరికితనమో ఇప్పటికీ తేల్చుకోలేను. ఆ వారంలోనే ఆయన తన పావురాలన్నిటినీ ఇచ్చేశారని ఇంతియాజ్ చెప్పాడు. ఆదోనికి కొన్ని, మైదుకూరికి కొన్ని. గూళ్ళ చెక్కలు విప్పించేశారు. వాళ్ళలో ఇది కూడా ఒక మర్యాదేనట. మజ్లిస్‌లో దొంగ అనిపించుకున్నవాడు ఆ మజ్లిస్‌కు మళ్ళీ రాడు, పిట్టలు పెట్టుకోడు. ఆ మాట అబద్ధమని తేలినా సరే.

"చాచా జొన్నల డబ్బా కూడా నాకే ఇచ్చేసినాడక్కా," అన్నాడు ఇంతియాజ్. అని, నా ముందే ఏడ్చాడు.

మద్దిలేటి నా దగ్గరికి వచ్చింది సంక్రాంతి దాటాక. ఫోరం పాస్‌వర్డు మరిచిపోయాడట. నాకు ఒళ్ళు మండిపోతోంది. పాస్‌వర్డు సంగతి తర్వాత, ముందు కూర్చో అన్నాను. ఆయన వద్దన్నది నేను రాయడం గురించి, మాట్లాడడం గురించి కాదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆయన ఫోన్ తీసుకుని, ఆ బోర్డు మస్తాన్ సాహెబ్‌కు ఎందుకు కనపడలేదో మొదటి నుంచి చెప్పాను. ఆయనకు గంట పెట్టింది నేనే, ఒక్క గదికే పెట్టాను అన్నాను.

మద్దిలేటి అరచేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని విన్నాడు. ఆ చేతుల గీతల్లో టైరు నలుపు. ఎంత కడిగినా పోనిది.

"అందరికీ కనపడ్తాది అనుకున్న్యానమ్మా. సరైన చోటికి మార్చినామని రాసినారు కదా!"

"రాశాం."

"నేనెంత మాటన్న్యా! మస్తానన్న నన్ను చెయ్యి పట్టుకుని మిద్దెక్కించి పిట్టను పట్టేది నేర్పినోడు." నా చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు. "అందరి ముందర అన్న్యా కదా. అందరి ముందరే తప్పయిందని రాస్తా."

రాశాడు. నా ముందే కూర్చుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాశాడు. "మస్తానన్నది తప్పు లేదు. నాది తప్పు. నేను అడిగింది ఆయనకు కనపడలా. నేనన్న మాట వెనక్కి తీసుకుంటాండా. అన్నా, ఒకసారి పలుకు." మజ్లిస్‌లో పెట్టాడు. నాకూ మనసు కొంచెం తేలికపడింది.

తర్వాత ఏం జరిగిందో నేను పట్టించుకోలేదు. వేరే పనులు నెత్తిమీదున్నాయి. ఫోరం నడిపేది వాళ్ళు కదా అనుకున్నాను.

2023 వానలు మొదలయ్యాయి. మా మెట్లెక్కి మళ్ళీ మస్తాన్ సాహెబ్ వచ్చారు. మనిషి తగ్గారు. జేబుకు సూదులు అలాగే ఉన్నాయి. చేతిలో బుట్ట లేదు.

"అమ్మా, ఒక మాట రాయల్ల నీ దాంట్లో. అందరికీ వినపడేట్టు రాయల్ల."

విషయం ఏమిటంటే, ఆ పెట్ట మళ్ళీ వచ్చింది. కత్తిరించిన ఈకలు రాలి కొత్తవి మొలిచాక మద్దిలేటి దాన్ని బయటికి వదిలాడు. అది రెండు చుట్లు తిరిగి, తిన్నగా కర్నూలు వచ్చి మస్తాన్ సాహెబ్ మిద్దె మీద వాలింది. జత కట్టిన పోతు కోసం వచ్చింది. పోతు లేదు, గూళ్ళు లేవు. పిట్టగోడ మీద కూర్చుని ఉందట.

"మద్దిలేటికి ఒక్క ఫోన్ చేస్తే అయిపోతుంది కదా సాహెబ్?"

"ఫోన్ చేస్తే వానికొక్కనికే చెప్పినట్టు. నన్ను అన్నింది అందరి ముందర. పిట్ట నా కాడ ఉండాదని కూడా అందరి ముందరే చెప్పల్ల. ఈసారి వాడు అడిగేదాంక ఆగను. నేనే ముందు చెప్తా."

"మద్దిలేటి తప్పయిందని అప్పుడే రాశాడు కదా, మీరు చూడలేదా?"

ఆయన నా మొహం చూశారు. "ఎప్పుడు? ఇంతియాజ్ కూడా చెప్పలేదే?"

ఫోరం తెరిచాను. మజ్లిస్‌లో ఆ మాట లేదు. వెతికితే దొరికింది, 'ఫిర్యాదులు, సలహాలు' బోర్డులో. పాత తగవు కాబట్టి అది ఫిర్యాదే అనుకుని, ఇంతియాజ్‌కు సాయంగా పెట్టుకున్న కొత్త మోడరేటర్ ఎవరూ చూడకముందే, మద్దిలేటికి కూడా చెప్పకుండా జరిపేశాడట. ఆ బోర్డులోకి ఇద్దరో ముగ్గురో తప్ప ఎవరూ తొంగి చూడలేదు. తిట్టు మాత్రం మజ్లిస్‌లో, ఆ ఫొటో కింద, ఇన్ని నెలలూ అలాగే ఉంది. తిట్టు అందరికీ వినపడింది, క్షమాపణ మూల గదిలో తలుపేసుకుని కూర్చుంది. ఇదీ నా శుభ్రత!

నేను ఆయనకు చదివి వినిపించాను. "అన్నా, ఒకసారి పలుకు" అన్న మాట రెండుసార్లు చదివాను. ఆయన తల వంచుకుని, ఎదురుగా బల్ల మీద ఉన్న పిన్నీసు ఒకటి తీసుకుని, దాన్ని ఊరికే తెరిచి మూశారు.

"ఇంటి నిండా గదులే పెడ్తివి కదమ్మా. వసారా యాడా పెట్టలేదు," అన్నారు.

ఆయన అక్కడుండగానే పని మొదలుపెట్టాను. ఇంతియాజ్‌కు ఫోన్ చేసి, ఇప్పుడు నేను చేయబోయేది ఇది, కాదంటే తర్వాత వచ్చి పోట్లాడు అన్నాను. వాడు కాదనలేదు. జబ్బులు, మేతల బోర్డులు అలాగే ఉంచాను. తప్పిపోయినవి, ఫిర్యాదులు, పోటీలు, జతలు, అన్నిటి గోడలూ తీసేసి మజ్లిస్‌లో కలిపాను. దానికి గంట అందరికీ మోగేలా పెట్టాను. మద్దిలేటి రాసింది పైకి తెచ్చి పిన్ చేశాను. పిన్ అంటే ఎవరు ఎప్పుడు తెరిచినా ముందు కనపడేలా గుచ్చి ఉంచడం. దాని కింద మస్తాన్ సాహెబ్ చెప్పిన మాట చెప్పినట్టు రాశాను. "ఓర్వకల్లు మద్దిలేటి పిట్ట నా మిద్దె మీద ఉండాది. వచ్చి తీస్కపోవల్ల. మస్తాన్."

నా ఫోన్ కూడా గంట కొట్టింది. ఆయన ఫోన్ కొట్టలేదు. అందులోంచి ఫోరం ఎప్పుడో తీసేశారట.

మద్దిలేటి ఆ సాయంత్రమే వచ్చాడు. నన్నూ రమ్మన్నారు కాబట్టి వెళ్ళాను. మిద్దె మీద బట్టలారేసే తీగ, నీళ్ళ ట్యాంకు, గూళ్ళు ఉన్నచోట సున్నం రంగు తేడా. పెట్ట అదే గోడ మీద కూర్చుని ఉంది. మస్తాన్ సాహెబ్ చప్పుడు చేయకుండా వెళ్ళి రెండు చేతులతో దాన్ని అందుకున్నారు. అది పెనుగులాడలేదు.

"అన్నా, నీ కాడే ఉండనీ. అది నీ నస్లే. నిన్ను ఎతుక్కోని వచ్చింది," అన్నాడు మద్దిలేటి.

"నన్ను కాదప్పా, పోతును ఎతుక్కోని వచ్చింది. పోతు ఆదోనిలో ఉండాడు." నవ్వబోయారు. "తీస్కపో. ఈడ ఏముండాది దానికి?"

"మళ్ళీ గూళ్ళు కట్టుకుందామన్నా. నేను కడ్తా. చెక్కలు నేను తెస్తా."

 మస్తాన్ సాహెబ్ పిట్టను బుట్టలో పెట్టి, మూత మీద తన భుజం గుడ్డ కప్పి, మద్దిలేటి చేతికి ఇచ్చారు. తర్వాత కిందికి పిలిచి ఇద్దరికీ టీ ఇప్పించారు. మాట్లాడారు. కూతురి కాన్పు గురించి, వానల గురించి, పంచర్ షాపు పక్కన వేస్తున్న కొత్త రోడ్డు గురించి మాట్లాడారు. పావురాల ఊసెత్తలేదు. బస్సెక్కేముందు మద్దిలేటి ఆయన చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఆయనే మెల్లగా విడిపించుకున్నారు.

మజ్లిస్‌లో ఆ థ్రెడ్ చాలా పొడుగు పెరిగింది. కడప నుంచి, మైదుకూరు నుంచి అందరూ రాశారు. చాచా రండి, మీరు లేకపోతే మందు చెప్పేవాళ్ళు లేరు అని. పోతును తిరిగి ఇస్తానని ఆదోని ఆయన రాశాడు. మస్తాన్ సాహెబ్ పేరు మీద పడ్డ మచ్చ పోయింది. ఆ ఒక్కటీ జరిగినందుకు సంతోషం. కానీ ఆ మాటలు చదవాల్సిన మనిషి చదవలేదు. ఇంతియాజ్ ఫోన్ పట్టుకుపోయి చూపించబోతే "బాగుండాది నాయనా" అని చూడకుండానే మళ్ళీ మిషన్ తొక్కుకున్నారట.

ఇప్పుడు ఎవరైనా వచ్చి మాకో ఫోరం కావాలి, ఎన్ని బోర్డులు పెట్టమంటారు అని అడిగితే నేను వాళ్ళను ఒక ప్రశ్న అడుగుతాను. మీ మాటల్లో వెతుక్కునేవి ఏవి, వినపడాల్సినవి ఏవి? జబ్బుకు మందు వెతుక్కునే మాట. దానికి ఎన్ని గదులైనా కట్టండి, చీటీలు అంటించండి, తప్పు లేదు. నా పిట్ట పోయింది, నేను నిన్ను తప్పుగా అన్నాను, ఇవి వెతుక్కునే మాటలు కావు. వీటిని గదిలో పెడితే చచ్చిపోతాయి. అవి అందరూ కూర్చున్నచోటే చెప్పాలి, అక్కడి నుంచి ఎవరూ వాటిని జరపకూడదు. ఇది తెలుసుకోవడానికి ఒక పెద్దాయన మిద్దె ఖాళీ కావాల్సి వచ్చిందే అని బాధ.

మజ్లిస్ అన్న పేరు తీసేశాను. పైనున్న ఆ బోర్డుకు ఇప్పుడు 'అందరూ కూర్చునేది' అని పేరు. కొత్తగా చేరినవాళ్ళు ఇదేం పేరని నవ్వుతారు, తర్వాత అలవాటు పడతారు. శుక్రవారం పూట అది కిటకిటలాడుతుంది. మద్దిలేటి రాస్తాడు, ఇంతియాజ్ రాస్తాడు, కొత్త పిల్లల ఫొటోలు పెడతారు. ఆ పేరు చెప్పిన మస్తాన్ సాహెబ్ మాత్రం అందులో లేరు.